రాలేదు కాదు, రానియ్యలేదు

జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండా విదేశీ విమాన సంస్థ మీద కేసు నడిపిన వకీలును నేను. గెలిచానని తమిళనాడులోని మా రాజపాళయంలో చెప్పుకుంటారు. నిరుడు నల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించిన తర్వాత, మదురై నుంచి ఇద్దరు ముగ్గురు కొత్త వకీళ్లు ఫోన్ చేసి, ఆ కేసులో నేను పన్నిన వ్యూహం ఏమిటో చెప్పమన్నారు. వ్యూహమేమీ లేదంటే వినయం అనుకుంటున్నారు. వినయం నాకు పుట్టుకతో లేదు, మా ఆవిడను అడిగితే చెబుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదివి, నేను పడ్డ గోతుల్లో కాకుండా కొత్త గోతులు చూసుకుని పడాలని నా కోరిక.

ప్రేయరు ముందు

నేను జూనియరుగా చేరింది కందసామి గారి దగ్గర. ఆయన తమిళంలో తిట్టేవారు, ఇంగ్లీషులో రాయించేవారు, తెలుగు కక్షిదారులు వస్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. మొదటి రోజు ఏవో కాగితాలిచ్చి ఫిర్యాదు రాయమని, "ప్రేయరు ముందు, మిగతాదంతా తర్వాత" అన్నారు. నేను లేచి వెళ్లి గోడ మీదున్న మురుగన్ పటానికి దండం పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చాలాసేపు చూశారు.

కోర్టును మనం ఏం ఇప్పించమని అడుగుతున్నామో ఆ భాగాన్ని ప్రేయరు అంటారు. కాగితంలో అది చివర ఉంటుంది. కానీ రాసేవాడు మొదట రాయవలసింది అదేనని ఆయన పద్ధతి. కక్షిదారు నోట వచ్చిన మాటను వచ్చినట్టే రాసి పెట్టుకోవాలి, చట్టం తర్వాత వెతుక్కోవాలి. "వాడికి కావలసింది వాడికి తెలుసు. నీకు తెలిసింది నువ్వు ఇప్పించగలిగింది మాత్రమే" అనేవారు. ఈ మాటను నేను నా జూనియర్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పడం వేరు, పాటించడం వేరు కదా.

విమానం కేసు వచ్చేదాకా నా దగ్గరికి వచ్చిన వినియోగదారుల కేసులన్నీ నేల మీదివే. రంగు పోయిన పట్టుచీర, మూడో రోజే ఆగిపోయిన ఫ్రిజ్జు, జాడీ పగిలిన మిక్సీ. ఒకసారి మిక్సీ తిరగదని నిరూపించడానికి దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. శుభ్రంగా తిరిగింది. ఆ కేసు పోయింది, మిక్సీ మాత్రం బాగుపడిందని కక్షిదారు సంతోషంగా ఇంటికి తీసుకెళ్లాడు.

రెండో సుందరవల్లి

సుందరవల్లి ప్రభుత్వ బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. ఊళ్లో అందరికీ టీచరమ్మే. అరవై దాటినా పొద్దున్నే మైదానంలో పరుగెత్తేది. ఆమెతో పరుగెత్తేవాళ్లు ముగ్గురు: పక్కనే మంసాపురంలో వ్యవసాయం చేసుకునే కొండమ్మ, పోస్టాఫీసులో రిటైరైన ఒకావిడ, ఆవిడ చెల్లెలు. నలుగురూ కలిసి పెద్ద వయసువాళ్ల రిలే పందేల్లో గెలుచుకుంటూ పోయి, మలేసియాలో జరిగే పోటీకి ఎంపికయ్యారు. ముగ్గురు ఒకరోజు ముందు వెళ్లారు. తల్లికి ఏటా పెట్టే దివసం పెట్టవలసి ఉండటంతో టీచరమ్మ మరునాటి విమానానికి మదురై వెళ్లింది.

ఆమె నా ఆఫీసుకు వచ్చింది ఆ పోటీలు ముగిసిన నెలకు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఒక కేసు పెట్టాల" అంది.

"ఎవరి మీదమ్మా?"

"విమానం వాళ్ల మీద. నన్ను ఎక్కనియ్యలేదు. మూడు గంటలు ముందే పోయి నిలబడ్డాను. కౌంటర్లో ఉండే పిల్ల టికెట్టు చూసింది, పాస్‌పోర్టు చూసింది. ఇంకో సుందరవల్లి ఎక్కడ అని అడిగింది. నేనొకతే అన్నాను. టికెట్టులో ఇద్దరు ఉండారే అనింది."

ఇక్కడ మా వైపు పేర్ల సంగతి చెప్పాలి. ఆంధ్రలో ఇంటిపేరు ముందుంటుంది. మేము ఎన్నో తరాలుగా ఈ పక్కన ఉన్నవాళ్లం కాబట్టి తమిళ పద్ధతిలో ఇనిషియల్ పెట్టుకుంటాం. ఇంటిపేరుకో తాతకో ఒక అక్షరం, తండ్రికి ఒక అక్షరం, ఆ తర్వాత మనం. పాస్‌పోర్టులో ఇనిషియల్‌కు చోటు లేదు. టీచరమ్మ పాస్‌పోర్టులో పేరు ఉన్న చోట సుందరవల్లి అని ఉంది, ఇంటిపేరు ఉండవలసిన చోట ఖాళీ. ఆ విమాన సంస్థ కంప్యూటరు ఖాళీని ఒప్పుకోలేదు. టికెట్టు కొనిపెట్టిన ఏజెంటు సంస్థకే ఫోన్ చేసి అడిగితే, ఉన్న పేరునే రెండుసార్లు కొట్టమన్నారు. అలా ఆమె సుందరవల్లి సుందరవల్లి అయింది. రెండో పేరు తానే చెప్పి పెట్టించిన సంస్థే, కౌంటరు దగ్గర ఆ రెండో ఆవిడ ఎవరని అడిగింది. ఆ పిల్ల తన పై అధికారికి చెప్పింది, ఆయన ఎక్కడో విదేశంలో ఉన్న పెద్ద ఆఫీసుకు ఫోన్ చేశాడు, అక్కడ పాట వినిపించింది, పాట అయ్యేలోపు విమానం వెళ్లిపోయింది.

"ఎంత నష్టం అడుగుదామమ్మా?" అన్నాను.

"దుడ్డు కాదన్నా. ఇది చూడండి" అని ఫోన్ నా ముందు పెట్టింది. మలేసియాలో పోటీ నడిపినవాళ్లు మీ విమానంలో ఈమె ఎందుకు రాలేదని సంస్థను అడిగితే, వాళ్లు ఒక్క ముక్కలో జవాబిచ్చారు: నో షో. అంటే ప్రయాణికురాలు అసలు విమానాశ్రయానికే రాలేదని. నాలుగో మనిషి లేక జట్టు పేరు కొట్టేశారు. మిగతా ముగ్గురూ అంతదూరం వెళ్లి పరుగెత్తకుండానే తిరిగొచ్చారు.

"నాకు విమానమంటే భయమని ముందుగా అంటా ఉండేదాన్ని. సుమ్మా, నవ్వులాటకు. కొండమ్మ మైదానంలో అందరి ముందర అనింది, నువ్వు భయపడి వెనక్కి తిరిగినావు అని. లేదు కొండమ్మా, పోయినాను అంటే, కాగితం అబద్ధం చెప్తాదా అనింది. ఇరవై ఏండ్లుగా కలిసి పరుగెత్తినామన్నా మేము." ఫోన్‌లో ఆ ముక్క మీద వేలు పెట్టింది. "రాలేదని రాసినారు. నేను వచ్చినాను. రానియ్యలేదని రాయమనండి. అంతే నాకు కావాల్సింది."

నేను గంభీరంగా తల ఊపాను.

ఐదు నక్షత్రాలు

విదేశీ సంస్థకు నోటీసు పంపడమంటే గాలికి ఉత్తరం రాయడమే. చెన్నై చిరునామాకు పంపితే ఆఫీసు మారిపోయిందని తిరిగొచ్చింది. మారిన చిరునామాకు పంపితే అది టికెట్లు అమ్మే ఇంకెవరిదో. చివరికి నేనే నల్లకోటు వేసుకుని మదురై విమానాశ్రయానికి వెళ్లాను. గుమ్మంలో తుపాకీ పట్టుకున్న జవాను టికెట్టు అడిగాడు. పోవడానికి రాలేదు, నోటీసు ఇవ్వడానికి వచ్చానన్నాను. టికెట్టు లేకపోతే లోపలికి పోనియ్యనన్నాడు. నా కక్షిదారు టికెట్టు ఉండి ఎక్కలేకపోయింది, నేను టికెట్టు లేక గుమ్మమే దాటలేకపోయాను. బయట కాఫీ తాగి బస్సెక్కి వచ్చేశాను.

తర్వాత ఈమెయిల్లో పంపితే మరునాడే జవాబొచ్చింది. "ప్రియమైన శ్రీ సుందరవల్లి గారికి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని. కింద ఐదు నక్షత్రాలు పెట్టి, మా సేవ ఎలా ఉందో చెప్పమని అడిగారు. నాకు కొత్త ఫోను, మోటు వేళ్లు. జవాబును పైకి జరపబోతే వేలు తగిలి ఐదు నక్షత్రాలూ వెలిగాయి. ధన్యవాదాలు అని వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. వాళ్ల వకీలు దాన్ని అచ్చుకొట్టించి, ఫిర్యాదుదారు తరఫు వారే పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారని కమిషన్‌కు దాఖలు చేశాడు.

ఒక్క మాట మాత్రం హాస్యం లేకుండా చెబుతాను. ఇలాంటి సంస్థలు గెలిచేది చట్టంతో కాదు, మన విసుగుతో. చిరునామా దొరకదు, మనిషి దొరకడు, దొరికినవాడికి అధికారం ఉండదు. సగంమంది అక్కడే వదిలేస్తారు. వదలకుండా తిరగడానికి తెలివి అక్కర్లేదు, మొండితనం చాలు. అందుకే నాలాంటివాడు కూడా పనికొచ్చాడు.

పోయొస్తాను

కేసు శ్రీవిల్లిపుత్తూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు వచ్చింది. సంస్థ తరఫున చెన్నై నుంచి ఒక వకీలు వచ్చాడు. మంచి మనిషి, ఇస్త్రీ మడత నలగని కోటు. మొదటి వాయిదా రోజు భోజనానికి పక్కనే కూర్చుని, "అసలైన రాజపాళయం కుక్కపిల్ల ఎక్కడ దొరుకుతుంది సార్?" అని అడిగాడు. మా ఊరి పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది తెల్లకుక్కే, వకీళ్లు కాదు. ఒకరి ఫోన్ నంబరు ఇచ్చాను. మధ్యాహ్నం అతను లేచి నా కేసును నిలువునా చీల్చాడు.

అతని వాదన ఇది. అంతర్జాతీయ విమానాలకు ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం కేసు సంస్థ సొంత దేశంలో వెయ్యాలి, లేదా ప్రయాణికుడి గమ్యం ఉన్న చోట వెయ్యాలి. ఈమె గమ్యం మలేసియా. కాబట్టి అక్కడికి వెళ్లి వేసుకోమనండి, ఇక్కడ కుదరదు.

ఆ ఒప్పందం నేను చదవలేదు. చదివానని చెప్పుకోవచ్చు, కానీ చదవలేదు. ఇంటర్నెట్లో మొదటి రెండు పేజీలు చూసి నిద్రపోయాను. కమిషన్ అధ్యక్షురాలు నా వైపు తిరిగి, "వకీలు గారూ, మీ కక్షిదారు ఎక్కడికి ప్రయాణమయ్యారు?" అని తమిళంలో అడిగారు. నాకు తోచింది చెప్పాను. "అమ్మా, మావాళ్లు ఎక్కడికి వెళ్లినా పోతానని చెప్పరు. అపశకునం. పోయొస్తానంటారు. ఈమె కూడా ఇంట్లో అలాగే చెప్పి బయలుదేరింది. పోయి రావలసింది రాజపాళయానికే."

"రానుపోను టికెట్టా?" అన్నారామె.

"అవునమ్మా. విడివిడిగా కొంటే ఎక్కువవుతుందని."

ఆమె నవ్వు ఆపుకుని చెన్నై వకీలుకు చెప్పారు. రానుపోను కలిపి ఒకే టికెట్టు కొన్నప్పుడు, తిరిగొచ్చి చేరే చోటే గమ్యమని ఆ ఒప్పందం మీద వచ్చిన తీర్పులు ఉన్నాయట. అంటే మదురై, కాబట్టి కేసు ఇక్కడే నడుస్తుందన్నారు. నేను అదే చెప్పబోతున్నట్టు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆమె ఇంకొకటి కూడా అడిగారు. "వకీలు గారూ, మీ ఫిర్యాదులో విమానం స్టాండులో నిలబడి ఉండగా అని రాశారు. మీరెప్పుడైనా విమానం ఎక్కారా?" లేదమ్మా అన్నాను. రాసిపెట్టుకునే గుమాస్తా కూడా నవ్వాడు.

గురివింద గింజ

తర్వాతి వాయిదాకు చెన్నై వకీలు మూడు కాగితాలు పైకెత్తి పట్టుకున్నాడు. మూడూ నావే. ఫిర్యాదులో పి.ఆర్. సుందరవల్లి అని ఉంది. ప్రమాణ పత్రంలో ఆర్. సుందరవల్లి అమ్మాళ్ అని ఉంది. వకాలతులో రంగసామి సుందరవల్లి అని ఉంది, రంగసామి ఆమె తండ్రి. ఒకటి పింఛను కాగితం చూసి కొట్టింది, ఒకటి రేషను కార్డు చూసి కొట్టింది, మూడోది ఆమె సంతకం చూసి కొట్టింది. నా గుమాస్తా మీదికి నెట్టొచ్చు, కానీ మూడింటి కిందా సంతకం నాది.

"టికెట్టులో సుందరవల్లి సుందరవల్లి. పాస్‌పోర్టులో సుందరవల్లి. ఇప్పుడు వకీలు గారు ఇంకో ముగ్గుర్ని తెచ్చారు. ఈ ఐదుగురిలో ఫిర్యాదు చేస్తున్నది ఎవరు?" అని అడిగాడు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. పేరు సరిచూసుకోవడం చేతకాదని ఊరందరి ముందూ సంస్థను తిట్టినవాణ్ణి నేను. ఆ గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, నా చొక్కా మాత్రం తడిసిపోయింది.

అధ్యక్షురాలు వెనక బెంచీలో ఉన్న టీచరమ్మను ముందుకు పిలిచారు. "మీ పేరేమిటమ్మా?"

"సుందరవల్లి."

"మరి ఈ మిగతావాళ్లు?"

టీచరమ్మ తమిళంలో మొదలుపెట్టి, కంగారులో తెలుగులోకి వచ్చేసింది. "అన్నీ నేనేనమ్మా. ఆపీసుకు ఒక పేరు, రేషనుకు ఒక పేరు. పిలిచేది మట్టుకు ఒకే పేరు." నేను తమిళంలో చెప్పాను. ఈసారి తప్పు లేకుండా చెప్పాననుకుంటాను.

అధ్యక్షురాలు కాగితాలు తిరగేసి చెన్నై వకీలుతో అన్నారు: "ఇన్ని పేర్లున్నా ఈ ఫిర్యాదుకు మీ జవాబు నకలు పంపింది ఈమె ఇంటికే. అది ఈమెకే చేరింది. ఐదు పేర్లూ ఒకే మనిషివని మీకు చెన్నైలో కూర్చునే తెలిసింది. ఎదురుగా మూడు గంటలు నిలబడితే మీ కౌంటరులో వాళ్లకు రెండు పేర్లు ఒకే మనిషివని తెలియలేదా?" అతను కూర్చున్నాడు.

రొట్టె విరిగి నేతిలో పడింది. బయటికి రాగానే తోటి వకీళ్లు నా చెయ్యి పట్టుకుని ఊపారు, మూడు పేర్లు కావాలనే రాశావు కదా అన్నారు. నేను కాదనలేదు. మదురై కొత్త వకీళ్లు అడుగుతున్న వ్యూహం అదే. ఇప్పుడు చెబుతున్నాను, అది పొరపాటు. మీరు పేర్లు సరిచూసుకోండి. ప్రతిసారీ నెయ్యి కింద ఉండదు.

అ నుంచి ఋ దాకా

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఇక రాసేది నవ్వుతూ రాయలేను, అయినా ప్రయత్నిస్తాను.

ఆ వాయిదా తర్వాత చెన్నై వకీలు వరండాలో నన్ను పక్కకు పిలిచి, సంస్థ రాజీకి సిద్ధంగా ఉందన్నాడు. మంచి పరిహారం, దానిపైన ఇద్దరికి ఉచిత టికెట్లు. నేను గాలిలో తేలుతూ టీచరమ్మ దగ్గరికి వచ్చి చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "రానియ్యలేదని రాస్తారా?"

అది మన ఫిర్యాదులోనే ఉంది కదా, వదిలిపెట్టంలే అని ధైర్యం చెప్పి, చూపిద్దామని చివరి పేజీ తిప్పాను. ప్రేయరు భాగం. అ నుంచి ఋ దాకా ఏడు కోరికలు. సేవాలోపం జరిగిందని ప్రకటించాలి, పరిహారం ఇప్పించాలి, మనోవేదనకు ఇంకొంత ఇప్పించాలి, ఖర్చులు ఇప్పించాలి, ఇలా. ఆమె అడిగిన ఒక్కటి లేదు. పాత మిక్సీ ఫిర్యాదును ముందు పెట్టుకుని ఇది రాశాను. పద్నాలుగో పేరాలో సదరు జాడీ అన్న మాట ఒకచోట అలాగే మిగిలిపోయింది.

"అన్నా, మొదటి దినం చెప్పినాను. మీరు తల ఊపినారే."

"ఆమామ్మా, ఊపినాను."

"ఏంటికి ఊపినారు?"

నేను ఆ చివరి పేజీ మూసేశాను. ఇప్పుడు ఆలోచిస్తే జవాబు ఉంది. ఆమె అడిగినదానికి నాకు తెలిసిన సెక్షన్ ఏదీ గుర్తుకు రాలేదు. పరిహారానికి వచ్చింది. గుర్తుకొచ్చింది రాశాను, రానిది మరిచిపోయాను. కందసామి గారు పోయి అప్పటికి చాలా ఏళ్లు. బతికి ఉంటే కళ్లద్దాలు తీసి చూసేవారు, ఆ చూపు నాకు చాలేది.

టీచరమ్మ రాజీ వద్దంది. నేను ఫిర్యాదు సవరణకు దరఖాస్తు పెట్టాను. సంస్థ అభ్యంతరం చెప్పింది, దానికి నేను జవాబు, ఆ జవాబుకు వాళ్ల జవాబు. నా చేతిలో మొదటి రోజే రెండు వాక్యాల్లో అయిపోవలసిన పనికి ఏడాది పట్టింది. మొత్తం మీద కేసు మూడేళ్లు నడిచింది. చివరికి తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. పరిహారం సంగతి రాయను, వచ్చింది, అంతే. దానితో పాటు, తమ రికార్డు సరిదిద్ది ఆ మేరకు ఆమెకు ఉత్తరం ఇవ్వాలని కమిషన్ సంస్థను ఆదేశించింది.

మంసాపురంలో

ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. "ప్రయాణికురాలు నిర్ణీత సమయానికి ముందే కౌంటరుకు వచ్చారు. సంస్థ ఆమెను విమానం ఎక్కనివ్వలేదు. నో షో అని నమోదు చేయడం తప్పు." మూడు వాక్యాలు. టీచరమ్మ నా చేత మూడుసార్లు చదివించుకుంది. చదివిన ప్రతిసారీ రెండో వాక్యం దగ్గర కళ్లు మూసుకుంది. పోస్టాఫీసు అక్కచెల్లెళ్లకు ఆమే చూపించుకుంది. కొండమ్మ దగ్గరికి మాత్రం నన్ను రమ్మంది. "కొండమ్మకు ఇంగ్లీసు రాదన్నా. నేను చదివితే నేనే కట్టి చెప్తాననుకుంటాది. వక్కీలు చదివితే నమ్ముతాది."

నాకు గర్వంగానే అనిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కొండమ్మ వాకిట్లో చాప పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసింది, రండని మాత్రం అంది, చేతిలో పని ఆపలేదు. నేను నిలబడే, కోర్టులో చదివే గొంతుతో, ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. సుందరవల్లి వచ్చింది, వాళ్లే రానియ్యలేదు అని చివర నా మాటగా కూడా చెప్పాను.

"సరి అన్నా. ఇది నాకు ఆ వారమే తెలుసు" అంది కొండమ్మ.

టీచరమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆ దినం అంతదూరం పోయి పరుగెత్తకుండా వచ్చినామే అనే కోపంలో అనేసినాను. ఇంటికొచ్చి అనుకున్నాను, ఇది భయపడే మనిషి కాదే అని. వస్తాది, తిడతాది, నేనూ తిడతాను, సరైపోతాదని కాచుకుని ఉండాను." అప్పుడు ఆమె టీచరమ్మ వైపు తిరిగింది. "నువ్వు రాలేదు. ఒకసారి నేనే మైదానానికి వచ్చినాను. నన్ను చూసి తల తిప్పుకుని పోయినావు. విమానానికి పోయినావని కాగితం తెచ్చినావు, సరి. మా ఇంటికి మూడేండ్లు ఏల రాలేదు?"

టీచరమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "కేసు ముగిసేదాకా నీతో మాట్లాడవద్దని వక్కీలన్న చెప్పినాడు. మీరు ముగ్గురూ సాక్షులంట. మాట్లాడితే కేసు కెడిపోతాదన్నాడు. వాళ్లిద్దరూ నన్ను చూసేదానికి వాళ్లే వచ్చినారు, వాకిట్లో నిలబెట్టి పంపించేసినాను."

చెప్పాను. మొదటి రోజే చెప్పాను. ఎవరొచ్చినా చెప్పే మాటే, నోటికి అలవాటు. మిక్సీ కేసులో కూడా చెప్పాను. తీరా ఆ ముగ్గురిలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు, పిలవవలసిన అవసరం రాలేదు. అవసరం లేదని తెలిశాక, ఇక వెళ్లి మాట్లాడుకోమ్మా అని ఆమెతో చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ మూడేళ్లూ ఆమె నా మాట నమ్మి, పొద్దున్నే మైదానంలో ఒక్కతే పరుగెత్తింది. నేను వాకింగుకు వెళ్తూ చూసేవాణ్ణి, ఈ వయసులో ఎంత పట్టుదల అనుకునేవాణ్ణి.

కొండమ్మ మొదటిసారి చేతులు ఆపి నన్ను చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. "అయితే విమానం వాళ్లు ఒక దినం రానియ్యలేదు. నువ్వు మూడేండ్లు రానియ్యలేదు. నీ మీద ఎక్కడ కేసు పెట్టాలన్నా?"

నలభై ఏళ్లకు దగ్గరగా కోర్టుల్లో నిలబడ్డాను. ఎదుటి వకీలు ఎవరూ నన్ను అలా అడగలేదు. ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కడుంటే అక్కడే పెట్టొచ్చు, చట్టం అలాగే ఉంది అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. టీచరమ్మ చెప్పులు విడిచి, చాప మీద కొండమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుని, కొంచెం చింతపండు తన ముందుకు లాక్కుంది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.